జతకిచ్చిన ఓటు

రాజధాని,
మిసెస్ బీమ్ అద్దె ఇల్లు,
11 జనవరి 1978

ఆర్లేథా అక్కకు,

క్షేమంగానే చేరాను. బస్సులో హీటరు పనిచేయలేదు, దిగేసరికి కాళ్ళు కొయ్యబారిపోయాయి. మిసెస్ బీమ్ పాత గదే ఇచ్చింది. శనాదివారాల్లో లీలండ్ వచ్చినప్పుడు కూర్చునే కుర్చీని మాత్రం కిటికీ దగ్గర నుంచి తీయించేసింది, చూస్తే నేను బాధపడతానని. ఉంచినా తీసేసినా నాకు ఒకటే అనిపించింది. ఆవిడ మంచి మనసుకి థాంక్స్ చెప్పి తలుపు వేసుకున్నాను.

మార్చికి ఆయన పోయి ఏడాది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను. ఆ రోజు రోడ్ల బిల్లు మీద ఓటుకి పేర్లు పిలుస్తున్నారు. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందని చీటీ తెచ్చిచ్చారు. ఇంకెంత, నా పేరు కూడా పిలిచేస్తే లేచి వెళదాం అనుకున్నాను. నా పేరు వచ్చింది, ఓటేశాను, వెళ్ళాను. నేను గదిలోకి అడుగుపెట్టేసరికి నర్సు దుప్పటి మడతపెడుతోంది. అప్పటినుంచీ తింటున్నాను, పడుకుంటున్నాను, లేస్తున్నాను. అంతే.

పన్నెండేళ్ళ కిందట నేను మొదటిసారి సభకొచ్చిన రోజు నీకు గుర్తుందిగా. గుమ్మం దగ్గర కాపలా మనిషి, "తుడిచేవాళ్ళు వెనక మెట్ల మీంచి రావాలి" అన్నాడు. నా చేతిలో గెలిచిన పత్రం ఉంది, ఒంటిమీద నువ్వు కుట్టిచ్చిన నీలం కోటు ఉంది. కోపంతో ఆ పత్రం తీసి అతని మొహం ముందు పెట్టాను. నిన్న అదే మనిషి తలుపు తీసి పట్టుకుని, తల వంచాడు. ఈ రాష్ట్రం సభలో కూర్చున్న మొదటి నల్లజాతి ఆడదాన్ని నేనేనని బడిపిల్లలకి చూపిస్తాడట. అదీ ఏమీ అనిపించలేదక్కా.

అసలు సంగతికి వస్తాను. మంత్రసానుల లైసెన్సులు రద్దు చేసే బిల్లు మళ్ళీ వస్తోంది. జూలై ఒకటి నుంచి డాక్టరు తప్ప ఇంకెవరూ పురుడు పోయకూడదు, పోస్తే నేరం. రెండుసార్లు కమిటీలోనే తొక్కిపట్టాం. ఈసారి డాక్టర్ల సంఘం గట్టిగా పట్టుకుంది, సభ ముందుకు రావడం ఖాయం. అటూ ఇటూ దాదాపు సమానంగా ఉన్నారు. సమానమైతే బిల్లు పోయినట్టే. మిగతావాళ్ళ సంగతి చెప్పలేను, నా ఓటు మాత్రం నీది. నీ పురుళ్ళ సంచి సర్దుకునే ఉంచు. మాటిస్తున్నాను.

నీ చెల్లెలు,
వెర్నెల్

*

బ్రయర్ క్రీక్,
22 జనవరి 1978

నెల్‌కి,

ఉత్తరం అందింది. తింటున్నానని రాశావు, ఏం తింటున్నావో రాయలేదు. ఆ బీమ్ గారి వంట నాకు తెలుసు. ఆకుకూరలో నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండవు. ఆదివారం బస్సులో మొక్కజొన్న రొట్టె, పొగబెట్టిన మాంసం ముక్క పంపుతున్నా. ఎవరికీ పెట్టకుండా నువ్వే తిను.

ఏమీ అనిపించట్లేదన్నావు. అనిపించకపోతే అనిపించకపోనీ, దాన్ని గోకకు. నేను మా ఆయన్ని పూడ్చి వచ్చిన రోజే ఇద్దరికి పురుడు పోశాను. చేతులకి పని ఉంటే మిగతాదంతా మెల్లగా వస్తుంది. నీకు మాట్లాడే పని ఉంది, మాట్లాడు.

బిల్లు సంగతి చర్చిలో చెప్పాను. మన ఆడవాళ్ళంతా ఒకటే అన్నారు, "వెర్నెల్ ఉంది కదా" అని. ఉండకేం! 1966లో నిన్ను గెలిపించిందెవరు? నేను పురుడు పోసిన ప్రతి గుమ్మం ఎక్కాం ఇద్దరం. "నీ కొడుకు బొడ్డు కోసింది నేను, మా చెల్లికి ఓటెయ్యకపోతే ఎలా ఊరుకుంటాననుకున్నావ్?" అంటే ఎవరైనా కాదంటారా? నువ్వేమో పక్కన నిలబడి, రాజ్యాంగం, హక్కులు అని పంతులమ్మ పాఠం మొదలుపెట్టేదానివి. నీ కాలు తొక్కి ఆపేదాన్ని.

పోయిన బుధవారం జిల్లా ఆరోగ్య కార్యాలయంలో సంచి తనిఖీ అయింది. కొత్త నర్సు వచ్చింది, నా మనవరాలి ఈడుది. కత్తెర, దారం, కంటి చుక్కల మందు, తెల్ల ఏప్రన్, అన్నీ బల్లమీద పరిపించింది. "ఇంత శుభ్రంగా ఎవరిదీ లేదమ్మా" అంది. నలభై ఏళ్ళ నుంచి ఉడకబెట్టి ఇస్త్రీ చేస్తున్నా, ఆ మాత్రం ఉండదా? ఇప్పటికి ఆరొందల పన్నెండు పురుళ్ళు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నా చేతిరాత ఎలా ఉంటుందో నీకు తెలుసు. కానీ జనన పత్రంలో "పురుడు పోసినవారు" అన్న గీత మీద రాసే సంతకం చూడు, ముత్యాల్లా ఉంటుంది.

కొరిన్ బాటిల్‌కి జూలై చివర్లో. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తొలిచూలు. మొగుడు సైన్యంలో ఎక్కడో జర్మనీలో ఉన్నాడు. మార్లో ఆసుపత్రి మాటెత్తితే ఏడుస్తుంది. వాళ్ళమ్మని అక్కడ లోపలికి తీసుకోకుండా వరండాలోనే కూర్చోబెట్టి చంపేశారు కదా. "ఆర్లేథమ్మా, నువ్వుంటేనే కంటాను" అని నా చెయ్యి పట్టుకుంది. ఉంటానన్నాను. మా చెల్లెలు సభలో కూర్చుని ఉంది, నాకేం భయమన్నాను.

అక్క,
ఆర్లేథా

*

రాజధాని,
16 మార్చి 1978

అక్కా,

బిల్లు నెగ్గింది. యాభై ఎనిమిది, యాభై ఏడు. ఒక్క ఓటు తేడా. గవర్నరు సంతకం పెడతానని ముందే చెప్పేశాడు.

ఇక్కడ వాన పడుతోంది.

వెర్నెల్

*

బ్రయర్ క్రీక్,
24 మార్చి 1978

నెల్,

ఒంట్లో బాగాలేదా? ఉన్నదున్నట్టు రాయి.

ఎందుకడుగుతున్నానంటే, మన పత్రిక వచ్చింది. ఎవరు అటు వేశారు, ఎవరు ఇటు వేశారు, పేర్లన్నీ వేశారు. ఆదివారం ప్రార్థన అయ్యాక డీకన్ లూసియస్ అందరి ముందూ చదివాడు. వద్దన్న యాభై ఏడు మందిలో నీ పేరు రాలేదు. చదివేటప్పుడు వదిలేశాడేమోనని మళ్ళీ చదవమన్నాను. కింద చిన్న అక్షరాల్లో ఉంది, "ఓటు వేయనివారు" అని. అక్కడ ఉంది నీ పేరు.

అందరూ నా వంక చూడకుండా టోపీలు సర్దుకున్నారు. నేనే అన్నాను, "జ్వరమొచ్చి పడుకుని ఉంటుంది, మొన్నటి ఉత్తరం కూడా రెండు ముక్కలే రాసింది" అని. అందరూ అవునవునన్నారు. కొరిన్ అత్త సిస్టర్ బాటిల్ నీకోసం ప్రార్థన కూడా చేసింది.

జ్వరమేనా?

అక్క

*

రాజధాని,
29 మార్చి 1978

అక్కా,

జ్వరం కాదు. నేను సభలోనే ఉన్నాను. నా కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

సభలో ఒక మర్యాద ఉంది. ఎవరికైనా తప్పనిసరిగా వెళ్ళాల్సిన పని పడితే, అవతలి పక్షంలో ఒకర్ని జత అడుగుతారు. నేను వెళుతున్నాను, నా ఓటు ఎలాగూ పడదు, నువ్వూ వెయ్యకు, రెండూ చెల్లుకు చెల్లు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. కాగితం ఉండదు, సంతకం ఉండదు, నోటిమాట మాత్రమే. నూరేళ్ళుగా ఎవరూ తప్పలేదంటారు. తప్పినవాడితో తర్వాత ఎవరూ మాట్లాడరు, వాడి బిల్లు ఒక్కటీ ముందుకు పోదు.

హాస్కెల్ టిండల్ గారు నన్ను జత అడిగారు. ముందు వరసలో కూర్చునే తెల్లజుట్టు పెద్దమనిషి, పత్తి మిల్లుల వాళ్ళు. ఆయన బిల్లుకి అనుకూలం. భార్యకి కడుపులో గడ్డ, ఆ గురువారమే ఆపరేషను, బతుకుతుందో లేదో తెలియదు. ఆమె దగ్గర ఉండాలన్నారు. నేను సరేనన్నాను. లీలండ్ సంగతి నీకు తెలుసు కదా. ఒక మనిషి తన భార్య మంచం పక్కన కూర్చుంటానంటే నా నోట కాదని రాలేదు.

బిల్లు వచ్చే వారం కదా అనుకున్నాను. గురువారం పొద్దున్నే దాన్ని ఆ రోజుకే ముందుకు జరిపారు. నా పేరు పిలిచినప్పుడు లేచి, "టిండల్ గారితో జతలో ఉన్నాను, లేకపోతే వద్దని వేసేదాన్ని" అని చెప్పి కూర్చున్నాను. చివరికి యాభై ఎనిమిది, యాభై ఏడు. స్పీకరు సుత్తి కొట్టేలోపు ఎవరైనా లేచి ఓటు మార్చుకోవచ్చు. ఆయన సుత్తి ఎత్తి, కొట్టకుండా నా వైపు చూశాడు. పక్క బల్ల క్లెమ్ యాన్సీ, మన కుర్ర లాయరు, "లేవండి, దేవుడి మీద ఒట్టు, లేవండి" అని నా చెయ్యి పట్టుకుని లాగాడు. నేను లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళంతా దూది కుక్కినట్టు ఉంది. సుత్తి దెబ్బ ఎక్కడో దూరం నుంచి వినపడింది.

ఒకటి మాత్రం ఆలోచించు. టిండల్ గారు ఇక్కడే ఉండి ఉంటే యాభై తొమ్మిది, యాభై ఎనిమిది అయ్యేది. అప్పుడైనా ఓడేవాళ్ళమే.

వెర్నెల్

*

బ్రయర్ క్రీక్,
9 ఏప్రిల్ 1978

నెల్,

ఆవిడ బతికిందా? అది ముందు రాయి.

నీ లెక్క చదివాను. ఆయన ఉంటే ఓడేవాళ్ళమన్నావు. ఆయన లేడు కదా. ఆయన లేడు, నువ్వు ఉన్నావు. నువ్వు లేస్తే సమానమయ్యేది, బిల్లు పోయేది. మూడో తరగతి లెక్కకే అది అందుతోంది నాకు.

మాట తప్పమని నీకు చెప్పను. నేనూ మాట మీద బతికినదాన్నే. వస్తానని చెప్పి ఏ ఇంటికీ వెళ్ళకుండా మానలేదు, వరదల్లో కూడా. కానీ ఆయనకి మాటిచ్చింది మార్చిలో. నాకిచ్చింది జనవరిలో. ముందిచ్చిన మాట ఎటుపోయింది?

ఒక్కటే అడుగుతున్నా, సూటిగా చెప్పు. నువ్వు జత ఇవ్వనంటే ఆ మనిషి వెళ్ళకుండా ఆగిపోయేవాడా?

ఆర్లేథా

*

రాజధాని,
7 మే 1978

అక్కా,

సమావేశాలు నిన్నటితో ముగిశాయి. టిండల్ గారి భార్య బతికింది, ఇంటికి కూడా వచ్చేసిందట. మన ఊరి బడికి రెండో బస్సు మంజూరైంది, ఆగస్టులో వస్తుంది. డిపో వెనక వీధికి మురుగు కాలవ కూడా. ఎన్నేళ్ళ నుంచి తిరుగుతున్నానో నీకు తెలుసు.

మదర్స్ డేకి అమ్మ సమాధి మీద తెల్ల గులాబీలు పెడతావు కదా, నా పేరున కూడా ఒకటి పెట్టు. ఇక్కడ కాగితాల పని ఉండిపోయింది, జూన్ దాకా ఇక్కడే ఉంటాను.

మిసెస్ బీమ్ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

వెర్నెల్

*

రాజధాని,
19 జూన్ 1978

అక్కా,

ఆరు వారాలైంది, నీ ఉత్తరం లేదు. పోస్టు వాడి తప్పు కాదని నాకు తెలుసు. నువ్వడిగినదానికి నేను జవాబు రాయలేదు, బస్సు గురించి రాశాను.

ఇప్పుడు రాస్తున్నాను. ఆగేవాడు కాదు.

ఆయన టోపీ చేతిలో పట్టుకుని, కోటు తొడుక్కుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. బయట కారు సిద్ధంగా ఉంది. "మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా నేను వెళ్ళక తప్పదు, ఇస్తే మీ మేలు మరిచిపోను" అన్నాడు. ఆ మాట చెవులారా విన్నాను. నేను లేదు, కుదరదు, ఆ బిల్లుతో మా అక్క బతుకు ముడిపడి ఉంది అంటే, ఆయన తల ఊపి వెళ్ళిపోయేవాడు. భార్య దగ్గరే కూర్చునేవాడు. బిల్లు పోయేది. జాలి కథ నీకు రాశాను, అది అబద్ధం కాదు. కానీ జాలిపడటానికి జత ఇవ్వక్కర్లేదు.

మిగతాది కూడా చెప్పేస్తాను. పన్నెండేళ్ళలో ఆ మనిషి నన్ను వసారాలో చూసినప్పుడల్లా "ఏం వెర్నెల్" అనేవాడు, వాళ్ళింట్లో వంటమనిషిని పిలిచినట్టు. ఆయనే కాదు, ఆ ముందు వరసలందరూ అంతే. ఈ పన్నెండేళ్ళలో ఒక్కరూ నన్ను జత అడగలేదు. నా మాట మాటే అని వాళ్ళెవరూ అనుకోలేదు కాబట్టి అడగలేదు. ఆ రోజు ఆయన వంగి, చుట్టూ వాళ్ళంతా వింటుండగా, ఇంటిపేరు పెట్టి, "మిసెస్ ప్యూరిఫాయ్, మీతో జత కోరుతున్నాను" అన్నాడు.

అంతే అక్కా. లీలండ్ పోయాక మొదటిసారి నా లోపల ఏదో కదిలింది. ఆయన వాక్యం పూర్తి కాకముందే సరేనన్నాను. ఏ బిల్లు, ఏ రోజు అని కూడా అడగలేదు. సభలో నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడైనా ముందు అది అడుగుతాడు.

తర్వాతి వారం ఆయన తిరిగొచ్చి, సభలో లేచి నాకు కృతజ్ఞత చెప్పాడు. తెల్లవాళ్ళంతా నిలబడి చప్పట్లు కొట్టారు. క్లెమ్ యాన్సీ లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేను ఏమీ అనిపించలేదని రాయాలనుకున్నాను, అన్నిటికీ అలాగే రాస్తున్నాను కదా. కానీ బాగుంది. ఆ కాసేపు చాలా బాగుంది. గదికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది, అది కూడా రెండు రోజులే. మళ్ళీ ఇప్పుడు ఏమీ లేదు.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

వెర్నెల్

*

బ్రయర్ క్రీక్,
13 ఆగస్టు 1978

నెల్,

నీ ఉత్తరం జూన్‌లోనే అందింది. చదివి బైబిల్లో పెట్టాను. ఇప్పుడు ఒక సంగతి ఉంది, అది నీకు చెప్పాలి కాబట్టి రాస్తున్నా.

జూన్ ముప్పైన ఆ కొత్త నర్సు ఇంటికొచ్చింది. లైసెన్సు ఇచ్చెయ్యమ్మా అని తనే కళ్ళు తుడుచుకుంది. ఇచ్చేశాను. సంచి నీదే, ఉంచుకోమంది.

జూలై ఇరవై ఆరున మధ్యాహ్నం కొరిన్‌కి నొప్పులొచ్చాయి. సిస్టర్ బాటిల్ పరిగెత్తుకొచ్చింది. "ఆర్లేథమ్మ కావాలి" అని ఆ పిల్ల అరుస్తోంది. నేను సంచి ముట్టుకోలేదు. ఫోర్డు బయటికి తీసి ఇద్దర్నీ వెనక కూర్చోబెట్టి మార్లో వైపు పోనిచ్చాను. ముప్ఫై ఎనిమిది మైళ్ళు. ఆ ఎండలో కారు పొయ్యి మీద పెనంలా ఉంది. పాత రంపపు మిల్లు దాటాక సిస్టర్ బాటిల్, "తల కనపడుతోంది, ఆపు ఆపు" అంది.

పక్కకి ఆపాను. ఆపి, ఇంజను కట్టేసి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. వెనక్కి తిరగలేదు. ఈ పనికి వేసే శిక్ష ఆ నర్సు కాగితంలో చదివి వినిపించింది. ఆ కాగితం మీద మీ సభ ముద్ర ఉంది. అదే కళ్ళ ముందు ఆడుతోంది. "ఆర్లేథమ్మా" అంటోంది ఆ పిల్ల, నేను అద్దంలోంచి రోడ్డు చూస్తున్నాను, పోలీసు బండి వస్తోందేమోనని. ఎంతసేపో తెలియదు. ఒక నిమిషం అయ్యుండొచ్చు. నలభై ఏళ్ళలో ఒక బిడ్డ వైపు చెయ్యి చాచడానికి ఎప్పుడూ ఆలోచించలేదు నేను.

తర్వాత దిగాను. పేగు మెడకి చుట్టుకుని ఉంది. తీశాను. ఆడపిల్ల. ముందు నీలంగా ఉంది, వీపు రుద్దాక ఏడ్చింది. నా లోపావడా చింపి చుట్టాను. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు, ఆ భయం పెట్టుకోకు.

మార్లోలో రాసుకునే అమ్మాయి అడిగింది, "పురుడు ఎవరు పోశారు?" అని. కొరిన్ నా వైపు చూసింది. నేనే చెప్పాను, "ఎవరూ పోయలేదండీ, దానంతటదే వచ్చేసింది" అని. "మరి మీరెవరు?" అంది. "కారు నడిపేదాన్ని" అన్నాను. ఆ గీత మీద ఎవరూ లేరని రాసుకుంది.

నిన్ను ఒకడు గౌరవంగా పిలిచాడని రాశావు. నాకు అర్థమైంది నెల్, నిజంగానే అర్థమైంది. మన అమ్మ అలా ఒక్కరి చేతా పిలిపించుకోకుండానే పోయింది. ఎంత తియ్యగా ఉండుంటుందో నేను ఊహించగలను. దాని ఖరీదు మాత్రం నా పేరయింది.

ఆర్లేథా

*

రాజధాని,
15 అక్టోబరు 1978

అక్కా,

నీ ఉత్తరం రోజూ చదువుతున్నాను. స్టీరింగు పట్టుకుని నువ్వు కూర్చున్న ఆ ఒక్క నిమిషం దగ్గర ఆగిపోతున్నాను. నేను కూడా అలాగే కూర్చున్నాను. నువ్వు దిగావు. నేను లేవలేదు.

నవంబరు ఏడున ఎన్నిక. ఈసారి గట్టివాణ్ణే నిలబెట్టారు, ఆ గుర్రాల డాక్టరు మెర్సర్‌ని. మన వాళ్ళెవరూ నా కోసం గుమ్మాలెక్కడం లేదని విన్నాను. నువ్వు వద్దంటే నా పేరు వెనక్కి తీసుకుంటాను. వద్దనేదైతే ఈ వారమే చెప్పాలి.

ఇంకో మాట. టిండల్ గారు నన్ను పిలిచి, పాత మంత్రసానులకి మినహాయింపు ఇస్తూ నేను బిల్లు పెడితే తన ఓటిస్తానన్నారు. ఆయన వేస్తే వెనక ఆరేడుగురు వేస్తారు. జనవరిలో పెడతాను. ఈసారి నీకు మాట ఇవ్వడం లేదు. పెడతానని మాత్రం చెబుతున్నాను.

గెలిచినా ఓడినా ఈ నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కి ఇంటికి వద్దామనుకుంటున్నాను. లీలండ్ లేకుండా పోయినేడు నీ బల్ల దగ్గర కూర్చోగలిగాను. ఈ ఏడు నీ ఎదురుగా కూర్చోగలనో లేదో తెలియదు. రానా?

వెర్నెల్

*

బ్రయర్ క్రీక్,
8 నవంబరు 1978

నెల్,

గెలిచావని రేడియోలో చెప్పారు. నూట నలభై ఓట్ల తేడా అన్నారు.

నువ్వు పేరు తీసుకోవాలా అని అడిగావు, నేను జవాబు రాయలేదు. రాయకూడదని కాదు. రెండుసార్లు కలం పట్టుకున్నాను, ఏది రాసినా నా మాట కాదనిపించింది.

నిన్న పొద్దున ఏడింటికే ఫోర్డు తీశాను. ఎప్పటిలాగే ముసలాళ్ళని నలుగురు చొప్పున ఓట్లేసే బడి దగ్గరికి చేర్చాను, చీకటి పడేదాకా. సిస్టర్ బాటిల్ కారెక్కి, "నువ్వేమిటి, ఆవిడ కోసం తిరుగుతున్నావేమిటి?" అంది. "ఎక్కావు కదా, నోర్మూసుకుని కూర్చో" అన్నాను. మెర్సర్ ఆ బడి బస్సు ఆపిస్తానని బాహాటంగానే అన్నాడు. డిపో వెనక వీధిలో నేను పురుడు పోసిన పిల్లలు పదకొండు మంది ఉన్నారు, వాళ్ళు మురుగు తొక్కుకుంటూ బడికి వెళ్ళడం ఈ వేసవితోనే ఆగింది. నిన్ను పంపకపోతే అక్కడికి ఇంకెవర్ని పంపుతాం? చివర్లో నేనూ లోపలికెళ్ళి నీ పేరు ఎదురుగా గుర్తు పెట్టాను. పెట్టినప్పుడు కోపం లేదు, సంతోషం లేదు. చెయ్యి అలవాటుగా పెట్టేసింది.

జనవరి బిల్లు పెట్టు. నాకు అరవై ఆరు, నా కోసం వద్దు. పక్క జిల్లా మంత్రసాని హాటీ గ్రీన్‌కి యాభై కూడా లేవు, ఆమె కోసం పెట్టు. జత ఎవరడిగినా, ఏ బిల్లు అని ముందు అడుగు.

కొరిన్ బిడ్డ బాగా ఒళ్ళు చేసింది. పేరు డెలోరిస్ అని పెట్టారు. ఆదివారం చర్చిలో నా ఒళ్ళో పడుకోబెట్టారు, బోధ అయ్యేదాకా నిద్రపోయింది.

పండక్కి రానా అని అడిగావు. రావద్దు. నువ్వు వస్తే బల్ల మీద కంచం పెడతాను, పోయినేటిలాగే ఎలా ఉన్నావని అడుగుతాను, నువ్వు ఏమీ అనిపించట్లేదంటావు, నేను తిను తిను అంటాను. అదంతా నాకిప్పుడు చేతకాదు. నువ్వు మా చెల్లెలివి, అది నేను మార్చలేను, మార్చాలని కూడా లేదు. కానీ నీ ఎదురుగా కూర్చుంటే నేను ఆ కార్లో ఆగిపోయిన నిమిషమే గుర్తొస్తుంది. అది మరుపొచ్చాక రాస్తాను, ఏ బస్సుకి రావాలో. రాయకపోతే, ఇంకా మరుపు రాలేదనుకో.

ఆర్లేథా